మేకు కొట్టరాదు

అశోక్‌ను రెండు గుళ్ళతో చంపారు. ఒకటి వీపులో, ఒకటి మెడలో. పట్టపగలు, వాకాడు మండలం తీరంలో, సరుగుడు తోపు అంచున. పిస్టల్‌కు సైలెన్సర్ ఉండటంతో కూతవేటు దూరంలో వల బాగుచేసుకుంటున్న వాళ్ళకి కూడా ఏమీ వినిపించలేదు. శవం జేబులో దొరికింది ఒకే ఒక్క చీటీ. దాని మీద అశోక్ చేతిరాతలో నాలుగు మాటలు: "హాలండ్ విలేజ్. పై వాటా."

నెల్లూరులో, బయటికి ఎరువుల కంపెనీ బోర్డు వేలాడే ఒక ఆఫీసు. చీఫ్ నరేంద్రబాబు ఆ చీటీని టేబుల్ మీదుగా హరినాథ్ వైపు తోశాడు. హరినాథ్ ఏజెంట్ కె-11. అశోక్, తను ఒకే బ్యాచ్. ట్రైనింగ్‌లో ఒకే గది, ఒకే బకెట్టు. చీటీని రెండుసార్లు చదివాడు.

"హాలండ్ విలేజ్ ఏంటి సార్?"

"గేటెడ్ కాలనీ. పదకొండు విల్లాలు. ఒక బిల్డర్ హాలండ్ వెళ్ళొచ్చి, అక్కడి పల్లెటూళ్ళలా ప్రశాంతంగా ఉంటుందని చెప్పి కట్టాడు. గేటు దగ్గర సిమెంటు గాలిమర కూడా పెట్టాడు. అది తిరగదు."

"అక్కడెవరున్నారు?"

"పెలికాన్ ముఠా. విదేశీ డబ్బు, విదేశీ బుర్ర. ఇంక పంతొమ్మిది రోజుల్లో, సాయంత్రం నాలుగూ పన్నెండుకి నేత్ర-9 ఉపగ్రహంతో రాకెట్ లేస్తుంది. అది దారి తప్పితే మనవాళ్ళే గాల్లో పేల్చెయ్యడానికి ఒక కమాండ్ సిగ్నల్ ఉంటుంది. ఆ కోడ్ పెలికాన్‌కి చిక్కింది."

"కోడ్ మార్చండి."

"మార్చాలంటే రాకెట్ విప్పాలి. ఆరు నెలలు వాయిదా. వాళ్ళకి కావలసిందీ అదే." చీఫ్ కళ్ళజోడు తీశాడు. "రాకెట్ లేచిన ఇరవై ఎనిమిదో సెకనులో ఆ సిగ్నల్ పంపితే మండే ముక్కలు తీరంలోని మూడు బెస్త పాలేల మీద పడతాయి. ఆ రోజు చేపల వేట నిషేధం. జనమంతా రాకెట్ చూడ్డానికి ఒడ్డునే ఉంటారు."

"నేనేం చెయ్యాలి?"

"అక్కడ ఇల్లు అద్దెకు తీసుకో. వాళ్ళ ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందో కనిపెట్టు."

"ఇల్లు అద్దెకు. అంతేనా?" హరినాథ్ తేలిగ్గా నవ్వాడు. ఆ మిషన్‌లో అతను చేసిన మొదటి పొరపాటు ఆ నవ్వే.

మూడు దేశాల్లో దొంగ పేర్లతో కాపురం చేసిన మనిషి, హాలండ్ విలేజ్‌లో గుమ్మం కూడా దాటలేకపోయాడు. మొదటి ఇంటివాళ్ళు "ఫ్యామిలీకే" అన్నారు. రెండో ఇంటివాళ్ళు అతని బూట్ల వంక చూసి తలుపేశారు. మూడో ఇంట్లో కుక్కను వదిలారు. రెండు రోజులు వృథా అయ్యాక చీఫ్‌కి ఫోన్ చేసి, ఎప్పుడూ అడగని ఆయుధం ఒకటి అడిగాడు.

"సార్, అర్జెంటుగా నాకొక భార్య కావాలి."

భార్య మర్నాడు పొద్దున గూడూరు స్టేషన్‌లో దిగింది. నల్ల కళ్ళద్దాలు, గంధం రంగు షిఫాన్ చీర. టికెట్ కలెక్టర్ ఆమెను టికెట్ అడగడం మరిచిపోయాడు. హరినాథ్ పక్కకెళ్ళి కోడ్ పలికాడు.

"కొంగలు వచ్చాయా?"

"నీళ్ళు తగ్గాక వస్తాయి," అంది ఆమె. పేరు వినీల. డిపార్ట్‌మెంట్ రేడియో సెక్షన్‌లో నంబర్ వన్. రెండేళ్ళు హాలండ్‌లో, ఒక చిన్న పల్లెటూళ్ళో ఇల్లు అద్దెకు తీసుకుని డ్యూటీ చేసి వచ్చింది.

విల్లా ఏడు. కింద ఇంటి ఓనరు మాలకొండమ్మ ఒక్కతే ఉంటుంది. పై వాటా ఖాళీ. ఆమె అరుగు మీద కూర్చుని, మోకాళ్ళకి తైలం రాసుకుంటూ ఇద్దరినీ నిలబెట్టి విచారించింది. హరినాథ్ శత్రువుల చేతిలో ఇంటరాగేషన్ చూసినవాడు. అక్కడ కనీసం కుర్చీ ఇచ్చారు.

"ఏ ఊరబ్బాయా?"

"సంగం అమ్మా."

"సంగంలో ఎవురోళ్ళు?"

ఫైల్లో ఉన్న కవర్ స్టోరీ అప్పజెప్పాడు. టైల్స్ కంపెనీలో ఉద్యోగం. పెళ్ళై మూడేళ్ళు.

"మూడేళ్ళా? బిడ్డలేరీ?" ఆమె వినీల పొట్ట వంక అనుమానంగా చూసింది. తర్వాత షరతులు మొదలుపెట్టింది. "తొమ్మిదింటికి మెట్ల గ్రిల్లుకి తాళం ఏస్తా. తాళం నా కాడే ఉంటది. చుట్టాలు రెండు దినాలు, మూడో దినం పోవాల. చేపలు వండుకోండి, వాసన కిందికి రాకూడదు. ఇంకొకటి." ఆమె వేలు పైకి లేచింది. "మేకు కొట్టకూడదు. కాలెండరుకి గూడా. విడవలూరులో ఆరెకరాల మాగాణి అమ్మి కొన్న గోడలివి. దాంట్లో బొక్క పడితే నా ఒంట్లో పడినట్టే."

గేటుకు కట్టిన టులెట్ బోర్డు మీద కూడా అన్నిటికన్నా పెద్ద అక్షరాలు అవే: మేకు కొట్టరాదు.

అలా భారతదేశపు నిఘా కెమెరా హాలండ్ విలేజ్‌లో సెల్లోటేపుతో గోడకెక్కింది. తేమకి రెండుసార్లు ఊడి కిందపడింది.

అనుమానం మొదటి రోజే ఎదురింటి మీద పడింది. విల్లా తొమ్మిదిలో యాన్ అనే డచ్ మనిషి అద్దెకుంటున్నాడు. రాజహంసల మీద పరిశోధనకు వచ్చానంటాడు. మెడలో బైనాక్యులర్స్, చంకలో యాంటెనా.

"వీడు డచ్ వాడు కాదు," వినీల కిటికీ సందులోంచి చూస్తూ అంది. "చూడు, కర్టెన్లు మూసే ఉన్నాయి. నేను అద్దెకున్న ఊళ్ళో ఎవరూ వీధి వైపు కర్టెన్లు వెయ్యరు. వేస్తే ఏదో దాస్తున్నారని వీధంతా చెవులు కొరుక్కుంటారు. ఒకసారి నేను రెండు రోజులు వేస్తే ఇంటి ఓనరు వచ్చి, ఆరోగ్యం బాగాలేదా అని అడిగాడు."

హరినాథ్‌కి ఆ తర్కం నచ్చింది. ఆ రోజు నుంచి అతని కళ్ళు విల్లా తొమ్మిది మీదే. పొద్దున యాన్ వెనక బీచికి, మధ్యాహ్నం మడుగుల దగ్గరికి, సాయంత్రం మళ్ళీ కిటికీకి. వినీల మాత్రం ఇంట్లోనే ఉండి పరికరాలు చూసుకునేది, డాబా మీద దుప్పట్లు ఆరేసేది.

తొమ్మిదో రోజు సాయంత్రం అతను గేటు తీస్తుండగా మాలకొండమ్మ అడ్డం వచ్చింది.

"మేకు కొట్టినారు."

"లేదమ్మా."

"మూడు గంటలకి. నువ్వు సముద్రం కాడికి పోయినావు. గర్రుమని ఒకటే మోత. నా గోడ ఏడిస్తే నాకు తెలవదా?"

ఆమె మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. టార్చి వేసి నాలుగు గదుల గోడలూ వెతికింది. ఒక్క బొక్క లేదు. డాబా ఎక్కే ఓపిక లేక అక్కడే ఆగిపోయింది.

"యాడో కొట్టినారు," అంటూ దిగిపోయింది. ఆ రోజు నుంచి వాళ్ళతో మాట్లాడటం మానేసి, నీళ్ళ మోటారు అరగంట ఆలస్యంగా వెయ్యడం మొదలుపెట్టింది.

"ముసలావిడకి చెవుల్లో హోరు," అని వినీల నవ్వింది. హరినాథ్ కూడా నవ్వాడు. అది రెండో పొరపాటు.

ప్రయోగం రోజు. సాయంత్రం నాలుగు. వినీల చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కసారిగా లేచింది.

"సిగ్నల్ దొరికింది! విల్లా తొమ్మిది నుంచే. వెళ్ళు, హరినాథ్!"

సాయంగా చీఫ్ పంపిన జీపు ఇంకా పదిహేను నిమిషాల దూరంలో ఉంది. అతను ఆగలేదు. రోడ్డు దాటి, విల్లా తొమ్మిది వెనక తలుపు తన్ని లోపలికి దూకాడు.

యాన్ నిక్కర్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నాడు. పిస్టల్ చూసి చేతులెత్తాడు. చేతుల నిండా రొయ్య పొట్టు.

"ట్రాన్స్‌మిటర్ ఎక్కడ?"

"రాజహంసల కాళ్ళకి," అన్నాడు యాన్. అతని యాంటెనా ఆ పక్షులు ఎటు ఎగిరాయో వినడానికట. హరినాథ్ రెండు గదులూ తిరగేశాడు. పక్షి ఈకలు, ఆరేసిన సాక్సులు, ఫొటోలు తప్ప ఏమీ లేవు. నాలుగూ ఆరు.

"మరి కర్టెన్లెందుకు మూశావు? మీ ఊళ్ళో ఎవరూ వెయ్యరుగా!"

యాన్ ముఖం ఎర్రబడింది. "మొదట్లో తీసే ఉంచాను. మీ ఇంటి ఓనరమ్మ రోజూ కిటికీకి ముఖం ఆనించి నేను ఏం తింటున్నానో చూసేది. భరించలేక వేశాను. మీ భార్యకి ఆ సంగతి మొదటి వారమే చెప్పానే!"

హరినాథ్ గుమ్మం వైపు తిరిగాడు. వినీలకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. తను మేకు కొట్టలేదు, కొట్టినట్టు మాలకొండమ్మ విన్నది. ఆ మధ్యాహ్నం పై వాటాలో ఉన్నది వినీల ఒక్కతే. గోడలకి బొక్క లేదు. డాబా ఎవరూ చూడలేదు.

రోడ్డు దాటి విల్లా ఏడుకి పరిగెత్తి, మూడంగల్లో మెట్లెక్కాడు. డాబాకున్న ఇనుప తలుపు అవతల నుంచి గడియ పెట్టి ఉంది. చువ్వల సందులోంచి కనిపించింది. ఆరేసిన దుప్పటి తొలగించి ఉంది. కింద స్లాబులోకి నాలుగు బోల్టులతో బిగించిన డిష్. దాని పక్కన వినీల, చేతిలో సైలెన్సర్ ఉన్న పిస్టల్.

"అశోక్‌ని నువ్వే చంపావా?"

"నేను ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు చూశాడు." ఆమె గొంతులో తొట్రుపాటు లేదు. "పెలికాన్ అప్పటికే ఇక్కడుందని మీరనుకున్నారు. మాకు ఇల్లే దొరకలేదు, హరినాథ్. ఒంటరి ఆడదానికి ఈ ఊళ్ళో ఎవరిస్తారు? నాకూ ఒక మొగుడు కావాల్సి వచ్చింది. డిపార్ట్‌మెంటే పంపింది."

గుండు చువ్వకు తగిలి రవ్వలు చిమ్మింది. హరినాథ్ పక్కకు దూకాడు. చువ్వల సందులోంచి ఎదురు కాల్చడానికి గురి కుదరదు, ఆ తలుపు బద్దలు కొట్టడానికి టైం లేదు. టైం నాలుగూ పదకొండు. డిష్ నుంచి లావు కరెంటు కేబుల్ ఒకటి గోడ పక్కగా కింద మీటరు గదిలోకి దిగుతోంది.

మెట్లు దూకుతూ కింద హాల్లోకి పరిగెత్తాడు. మాలకొండమ్మ టీవీలో రాకెట్ కోసం చూస్తోంది.

"అమ్మా, మెయిన్ ఆపండి! దేశానికి ప్రమాదం!"

"దేశానికి ప్రమాదమైతే నా టీవీ ఆపాల్నా?"

"నేను గూఢచారిని. టైల్స్ కంపెనీ కాదు."

"అబద్ధం చెప్పి ఇల్లు తీసుకున్నావా?" ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "ఇప్పుడు నీ మాట నేనెట్టా నమ్మేది? గమ్మున పైకి పో!"

టీవీలో నిప్పు చిమ్మింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. రాకెట్ లేచింది. ఒకటి, రెండు, మూడు అని టీవీలో గొంతు లెక్కపెడుతోంది.

మీటరు గదికి తాళం. తాళంచెవి ఆమె నడుముకున్న గుత్తిలో. హరినాథ్ ఆమె కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అమ్మా, మీరు చెప్పిందే నిజం. కొట్టారు. మేకు కాదు, డ్రిల్లు. మీ స్లాబుకి నాలుగు బోల్టులు దించారు. మీ కరెంటుతోనే. నేనే మీ మాట నమ్మలేదు."

మాలకొండమ్మ లేచింది. ఆ మోకాళ్ళు అంత వేగం ఎక్కడ దాచుకున్నాయో!

"నాకు తెలుసు! నేను చెప్పలా? చెప్పలా?"

పద్నాలుగు తాళంచెవుల గుత్తి. పంతొమ్మిది, ఇరవై. మొదటి చెవి పట్టలేదు. రెండోదీ పట్టలేదు. ఇరవై నాలుగు. మూడోది తిరిగింది. ఇరవై ఆరు. ఆమె చెయ్యి మెయిన్ హ్యాండిల్ మీద పడింది.

ఫ్యాన్ ఆగింది. టీవీ ఆరిపోయింది. లెక్కపెట్టే గొంతు ఇరవై ఏడు దగ్గర తెగిపోయింది.

హరినాథ్ వాకిట్లోకి పరిగెత్తి తలెత్తాడు. ఆగిన లెక్క తనే అందుకున్నాడు. ముప్పై దాటింది, నలభై దాటింది. సన్నని తెల్లటి గీత సముద్రం మీదికి వంగుతూ పైకి, ఇంకా పైకి పోతోంది. పాలెం వైపు నుంచి ఈలలు, కేకలు వినిపించాయి. మూడు పాలేల జనం బతికే ఉన్నారు. అతనికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

వెనక గ్రిల్లు గణగణమంది. మాలకొండమ్మ మెట్లకి తాళం వేసేసింది. వినీల దిగి వచ్చి తాళం మీద మూడు గుళ్ళు కాల్చింది. అది పాతకాలం అలీగఢ్ తాళం. చెక్కు చెదరలేదు. నాలుగోసారి పిస్టల్ ఖాళీగా టక్కుమంది.

"ఆ బొక్కలు పూడ్చినాకే నువ్వు ఈ ఇల్లు దాటేది," అంది మాలకొండమ్మ గోడ చాటు నుంచి.

జీపు వచ్చేవరకూ హరినాథ్ గ్రిల్లు ముందే నిలబడ్డాడు. వినీల ఏదో చెప్పబోయింది. "అశోక్ నా గదిలో వాడు," అన్నాడతను. "నాతో మాట్లాడకు."

మర్నాడు పొద్దున చీఫ్ ఫోన్ చేసి, ఢిల్లీ నుంచి అభినందనలు అన్నాడు. హరినాథ్ పెట్టె సర్దుకుంటున్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యడానికి, దేశాన్ని కాపాడినవాడికి మాలకొండమ్మ ఇచ్చిన గడువు పన్నెండు గంటలు. ఎదురింట్లో యాన్ ధైర్యం చేసి కర్టెన్లు తీశాడు. ఆమె అప్పటికే ఆ కిటికీ దగ్గర నిలబడి అతని ప్లేట్లోకి తొంగి చూస్తోంది.

గేటుకు టులెట్ బోర్డు మళ్ళీ పురికొసతో కట్టి ఉంది. హరినాథ్ పెట్టె దించి, అలవాటు కొద్దీ దాన్ని చదివాడు. "మేకు కొట్టరాదు" కింద, ఇంకా తడి ఆరని పెయింటుతో కొత్త లైను ఒకటి చేరింది:

"దేశం కోసమైనా సరే."