రైలు గేటు దగ్గరి అమ్మాయి

ఆదివారం పొద్దున్నే డెర్నా పాస్తా కోసం గుడ్లు కలిపిన పిండిని చెక్కబల్ల మీద పరిచి, పొడుగాటి కర్రతో పల్చగా ఒత్తుతోంది. పక్క గదిలో ఆమె భర్త లోరిస్ కట్టిన టై విప్పి ఇంకోటి కట్టుకుంటున్నాడు. పెళ్ళినాడు కూడా ఆ మనిషి అద్దం ముందు అంతసేపు నిలబడలేదు.

మధ్యాహ్నం లోపల రోమ్ నుంచి టీవీ వాళ్ళు వస్తారు. నలభై ఏళ్ళ కిందటి "గేటు పడిన వేళ" పాటని ఈ వేసవిలో ఒక కొత్త గాయని మళ్ళీ పాడింది. సముద్రతీరంలోని ప్రతి హోటల్లోనూ అదే మోగుతోంది. రచయితని సొంత ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడించాలని టీవీ వాళ్ళ ముచ్చట. పాత రికార్డు మీద రచయిత పేరు లోరిస్‌ది. పాడిన గొంతు డెర్నాది.

ఆ కబురు తెలిసినప్పటి నుంచి కాఫీ కొట్టువాడి దగ్గర్నుంచి చర్చి ఫాదర్ దాకా అందరూ లోరిస్‌ని "మాయెస్ట్రో", అంటే సంగీత గురువుగారూ, అని పిలుస్తున్నారు. డెర్నా కనబడితే మాత్రం కన్ను గీటి ఒకటే అడుగుతున్నారు, ఇంతకీ ఆ అమ్మాయి ఎవరని.

ఎందుకంటే లోరిస్ ఏ విలేకరి అడిగినా ఒకే కథ చెప్పేవాడు. సైన్యంలో ఉన్న రోజుల్లో రైలు గేటు దగ్గర ఒక అమ్మాయిని చూశాడట. గూడ్సుబండి పోయేదాకా అటొకరు ఇటొకరు నిలబడ్డారట. ఆ తర్వాత ఆమె మళ్ళీ కనబడలేదట. వాళ్ళ ఊరు ఫాయెంజా చుట్టుపక్కల ఆ వయసు ఆడవాళ్ళలో సగం మందికి ఊరు ఆ పట్టం కట్టేసింది. మందుల షాపు పెద్దావిడైతే ఎవరూ అడక్కుండానే సిగ్గుపడుతుంది.

డెర్నా ఏనాడూ ఏమీ అనలేదు. పిండి ఒత్తుకుంది, నవ్వింది, ఊరుకుంది.

వాకిట్లో కారు ఆగింది. టీవీ వాళ్ళు కాదు, బొలోన్యాలో ఉండే కూతురు మిలెనా. వచ్చీ రాగానే సంచి కుర్చీలో పడేసి, తల్లిని ముద్దు పెట్టుకుని, తండ్రిని పిలిచింది. ఆ పిలుపులోనే తెలిసిపోయింది, దారి పొడుగునా మాటలు కూడగట్టుకుని వచ్చిందని.

"నాన్నా, ఇవాళ ఆ కథ చెప్పొద్దు."

లోరిస్ టై సర్దుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "ఏ కథ?"

"తెలియనట్టు మాట్లాడకు. ఆఫీసులో అందరూ నన్ను మీ నాన్న ప్రియురాలి సంగతేమిటని అడుగుతున్నారు. అమ్మ ఇక్కడ నీకు వంట చేస్తూ ఉంటే, నువ్వు పక్కగదిలో కూర్చుని ఇంకో ఆడదాని గురించి దేశమంతటికీ చెప్తావా?"

అది ఎప్పటి మాటో అన్నాడు లోరిస్. ఆ గేటు కూడా తీసేశారని, పట్టాల కింద నుంచి రోడ్డు వేశారని నవ్వించబోయాడు. మిలెనా నవ్వలేదు. పోనీ ఆవిడ పేరేమిటో ఇంట్లో అయినా చెప్పమంది.

లోరిస్ భార్య వంక చూశాడు. డెర్నా కర్ర ఆపింది.

"మీ అమ్మమ్మ" అంది డెర్నా.

మిలెనాకి ముందు అర్థం కాలేదు. డెర్నా అప్రాన్‌కి చేతులు తుడుచుకుని, ఎన్నో ఏళ్ళుగా నోట్లో నలుగుతున్న సంగతి నిలబడే చెప్పింది. తన తల్లి ఎర్సీలియా పీచ్ పళ్ళ షెడ్డులో పళ్ళు ఏరే పని చేసేది. సాయంత్రం సైకిల్ మీద తిరిగొచ్చే వేళకి సరిగ్గా గేటు పడేది. ఇటువైపు చిన్న డెర్నా నిలబడేది. గూడ్సుబండి పెట్టెల కింద నుంచి అమ్మ చెప్పులు, సైకిల్ చక్రం మాత్రం కనబడేవి. ఆ చెప్పులు కదిలితే అమ్మ ఇంకా అక్కడే ఉందని ధైర్యం. పాటంతా అదే.

"అంటే... పాట రాసింది నువ్వా?"

"మాటలూ నేనే, బాణీ నేనే."

అప్పట్లో రచయితల సంఘం పరీక్ష నెగ్గనివాళ్ళ పేరు పాట మీద ఉండేది కాదు. డెర్నా రెండుసార్లు వెళ్ళింది. గదిలో తలుపు వేసి, స్వరాలు కాగితం మీద రాయమన్నారు. ఆమెకి పాట కట్టడం వచ్చు గాని స్వరాలు రాయడం రాదు. డాన్సు హాళ్ళలో అకార్డియన్ వాయించే లోరిస్ అప్పటికే ఆ పరీక్ష నెగ్గాడు. ప్రస్తుతానికి అతని పేరు పెట్టమని రికార్డు కంపెనీ మనిషి సలహా ఇచ్చాడు. తప్పుడు సంతకమని తెలిస్తే ఇద్దరికీ ముప్పేనని, కన్నతల్లికి కూడా చెప్పొద్దని హెచ్చరించాడు.

ఆ ప్రస్తుతానికి అన్నది అలాగే ఉండిపోయింది. కొన్నాళ్ళు సముద్రతీరంలో రిమినీ నుంచి చెర్వియా దాకా డాన్సు హాళ్ళలో వేసవి రాత్రులన్నీ డెర్నా పాటవే. తర్వాత ఒక పత్రిక ఆమెని "భర్త పాటలకి దొరికిన మంచి గొంతు" అని మెచ్చుకుంది. ఆ మెప్పు ఆమెకి గొంతులో ముల్లైంది. తన పేరు లేని పాట ఇంకొకటి కట్టబుద్ధి కాలేదు. మిలెనా పుట్టిందన్న వంకతో పాడటం మానేసింది.

"నువ్వు దొంగిలించావని నేననను లోరిస్" అంది డెర్నా, ఈసారి భర్త వైపు తిరిగి. "ఇచ్చింది నేనే. కానీ ఆ అమ్మాయిని ఎందుకు పుట్టించావు? మా అమ్మని తీసేసి, ఆ చోట్లో ఎవరో పోరిని నిలబెట్టావు."

లోరిస్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మొదటి విలేకరి అడిగినప్పుడు గాభరాపడి నోటికొచ్చింది చెప్పానన్నాడు. అత్తగారని చెబితే, గేటు దగ్గర ఆవిడ చెప్పులు నీకెలా తెలుసని అడిగి అసలు సంగతి లాగుతారేమోనని భయమేసిందన్నాడు. తలెత్తకుండానే, "తర్వాత అందరూ మెచ్చుకుంటుంటే బాగుండేది. అదీ నిజమే" అన్నాడు.

"నీకు బాగుండేది. మా అమ్మకి?"

అప్పటి సంగతీ డెర్నాయే చెప్పింది. పళ్ళ షెడ్డులో రేడియోలో ఆ పాట వస్తుంటే ఎర్సీలియా పక్కనున్న ఆడవాళ్ళతో కలిసి పాడేది. అల్లుడి కథ పేపర్లో చదివాక పాడటం మానేసింది. తన కూతురి చేత ఇంకో ఆడదాని పాట పాడిస్తాడా అని మండిపడింది. ఆదివారం భోజనాల్లో అల్లుడి పళ్ళెంలో సూప్ అడుగున మిగిలింది పోసేది. మరుసటి వసంతంలో జబ్బు చేసి పోయింది.

"ఆవిడ కోసం కట్టిన పాట విని, ఆవిడే నా గతి తలుచుకుని ఏడ్చింది. అది నీ గురించే అమ్మా అని నేను చెప్పలేకపోయాను. నా పేరు రాకపోతే పోయింది. అమ్మ తెలియకుండానే పోయింది. నాకు అదొక్కటే బాధ."

మిలెనా తల్లి భుజం పట్టుకుంది. లోరిస్ మెడలోని టై విప్పి బల్ల మీద పెట్టాడు. దానికి పిండి అంటుకుంది. అతను చూసుకోలేదు.

"ఆవిడకి తెలుసు" అన్నాడు.

డెర్నా గిర్రున అతని వైపు తిరిగింది.

"ఆసుపత్రిలో నేనే చెప్పాను. నువ్వు ఇంటికెళ్ళావు, నేను కూర్చున్నాను. ఆవిడ నన్ను చూసే చూపు ఇంక భరించలేకపోయాను. పాట డెర్నాది, అందులో ఉన్నది నువ్వూ నీ సైకిలూ అని చెప్పేశాను.  తర్వాత నన్ను పాడమంది. నా గొంతు నీకు తెలుసుగా, అయినా పాడాను. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి దుప్పటి కింద కాళ్ళు కదిపింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆవిడే వద్దంది. తనకి తెలిసినట్టు నీకు చెప్పొద్దంది. మా అమ్మాయి తనంతట తనే వచ్చి చెబుతుంది, ఆ ముచ్చట దానికి ఉంచమంది. రోజూ నువ్వు లోపలికి వస్తుంటే నీ మొహమే చూసేది. నువ్వు మందుల గురించి మాట్లాడేదానివి. ఆవిడ పోయాక... నీ కోసం ఎదురు చూసిందని ఏ నోటితో చెప్పను?"

డెర్నా బల్ల అంచు పట్టుకుంది. రోజూ తను ఆ మంచం పక్కన కూర్చుని, చెప్పనా వద్దా అని నోరు మెదపబోయి ఆగిపోయింది. అవతల అమ్మ కూడా ఆ మాట కోసమే ఆగింది. ఇద్దరి మధ్యా ఆ గూడ్సుబండి పోతూనే ఉంది.

ఆమె ఏడ్చింది. చప్పుడు లేకుండా, చాలాసేపు. లోరిస్ లేచి వచ్చి దగ్గర నిలబడ్డాడు, ముట్టుకునే ధైర్యం లేక. చివరికి ఆమే అతని చొక్కా పట్టుకుని తల ఆనించింది. తెలిసే పోయింది కదా, అని మాత్రం అడిగింది. తెలిసే పోయింది, అన్నాడు అతను.

వాకిట్లో వ్యాను ఆగింది. బెల్లు మోగింది. లోరిస్ కదలబోతే డెర్నా ఆపి, పిండి అంటిన అప్రాన్‌తోనే కళ్ళు తుడుచుకుని, తనే వెళ్ళి తలుపు తీసింది. మైకు పట్టుకున్న పడుచుపిల్ల వినయంగా తల వంచి, రైలు గేటు పాట రాసిన మాయెస్ట్రో ఇల్లు ఇదేనా అని అడిగింది.

"ఇదేనమ్మా" అంది డెర్నా. "రాసింది నేను. అది మా అమ్మ పాట. లోపలికి రా, ఆవిడ గురించి చెప్తాను."