ఏడు కత్తుల సంచి

జార్జి టౌన్‌లో మింట్ వీధి వెనక తోపుడుబండి కూడా పట్టని సందు ఒకటుంది. ఆ సందు చివర మూతపడిన మంగలికొట్టుకు మంచి పేరు లేదు. యుద్ధం రోజుల్లో ఓ సాయంత్రం సైరన్ మోగగానే, గడ్డం చేయించుకుంటున్న మనిషొకడు కుర్చీలోనే గుండె ఆగి పోయాడట — సగం గడ్డంతో. అప్పటినుంచీ దీపాలు పెట్టాక ఆ కుర్చీ కిర్రుమంటుందని, మిగతా సగం ‘సవరం’ చెయ్యమని ఎవరో అడుగుతారని చెప్పుకుంటారు. మద్రాసు సెలూన్లలో క్షవరాన్ని అరవంలో అలాగే అంటారు లెండి.

నేను ఇలాంటివి నమ్మను. నాకు చెప్పిన జనార్దనం నమ్మాడు, అదే వాడి ఖర్మ.

జనార్దనం పెరంబూరు వర్క్‌షాపు గేటు ఎదుట సెలూన్‌లో కూలికి పనిచేస్తాడు. చెయ్యి మంచిది, యజమాని కత్తులే మొద్దువి. ఆరేళ్ళుగా నా చెంపలు మండుతూనే ఉన్నాయి. మొన్న సాయంత్రం ఒక చెంప గీసి, కత్తి పక్కన పెట్టి, గోడకేసి చూస్తూ నిలబడిపోయాడు. రెండో చెంప మీద నురుగు ఎండిపోతోంది. నాకు ఒళ్ళు మండింది.

“ఏమయ్యా, కానీ.”

“నోటికాడి కూడు నేనే పారేసుకున్నా సార్” అన్నాడు.

ఇక కదిలేలా లేడు. సరే, చెప్పమన్నాను.

ఆ మూతపడిన కొట్టు గోవిందస్వామిది. జనార్దనానికి కత్తి పట్టడం నేర్పిన ముసలాయన. చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసి, తిరువొత్తియూరులో కూతురింటికి చేరాడు. ఆయన దగ్గర ఏడు పాత మడతకత్తులుండేవి. దంతపు పిడులు, సీమ ఉక్కు. ఊరు వదిలి పోతూ ఓ దొర ఇచ్చినవి. రోజుకొకటి వాడి, తోలుపట్టీ మీద నూరి, మిగతా ఆరు రోజులూ దాన్ని ముట్టుకునేవాడు కాదు.

ఆ కత్తులు జనార్దనానికి ఇస్తానన్నాడు ముసలాయన. అవి ఉంటే వాడు సొంత కుర్చీ వేసుకోవచ్చు. స్టేషను దగ్గర వరదయ్య అనే కొట్టు ఆయన తన వసారా ఇస్తానని కూడా అన్నాడు. జనార్దనం పెళ్ళాం గోవిందమ్మ అప్పుడే అద్దం ఎక్కడ తగిలించాలో చూసి వచ్చింది.

కానీ కత్తి చేతినుంచి చేతికి ఇవ్వరు వాళ్ళలో. ఇస్తే ఇద్దరికీ మాట తెగిపోతుందట.

“నేనియ్యనురా. నువ్వే పోయి తీసుకో” అన్నాడు గోవిందస్వామి. “కుర్చీ కింద సొరుగులో గుడ్డసంచి ఉండాది, అట్నే ఎత్తుకో. రేపు తెల్లారితే ఇంటాయన తాళం మారుస్తాడు. ఈ రాత్రికే పో.”

సెలూన్ మూసి, బస్సెక్కి, జనార్దనం ఆ సందులోకి అడుగుపెట్టేసరికి తొమ్మిదిన్నర దాటింది.

ముసలాయన ఇచ్చిన చెవితో తాళం తీశాడు. కరెంటు ఎప్పుడో పీకేశారు. అగ్గిపుల్ల గీశాడు... అద్దంలో వాడి మొహమే వాడికి కనబడి ఉలిక్కిపడ్డాడు. పుల్ల ఆరిపోయింది. చీకట్లోనే మోకాళ్ళ మీద కూర్చుని సొరుగు లాగాడు. సంచి చేతికి తగిలింది. లోపల చెక్కపెట్టె. ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు —

“నా సవరం... ఏమాయెరా?”

వెనకనుంచి. గొంతు కాదు, గాలి. మగో ఆడో తెలియదు.

జనార్దనం కదల్లేదు. కుర్చీ కిర్రుమంది... తన భుజమే తగిలిందేమో, తెలియదు.

“సగంతో... ఎన్నాళ్ళుండేది నేను?”

తల తిప్పాడు. వెనక కిటికీ ఊచలకు అవతల ఏదో తెల్లగా వేలాడుతోంది. నురుగులా ఉంది. అది కదిలింది.

“పెట్టి పోరా... నా సవరం...”

ఇక వాడు తాళం వేశాడో లేదో వాడికే గుర్తులేదు. సంచి చంకలో ఇరికించుకుని మింట్ వీధి దాకా పరిగెత్తాడు. చివరి బస్సు పోయింది. ట్రాములా, రెండేళ్ళ కిందటే ఆపేశారు. నడక తప్పలేదు.

బేసిన్ బ్రిడ్జి దగ్గర కాలవ మీదికి వచ్చేసరికి గుండె కుదుటపడింది. భయం పోయి సంతోషం వచ్చింది. ఒక్క కత్తి... ఒక్కటి తీసి చూద్దామనుకున్నాడు. సంచిలో చెయ్యి పెట్టాడు.

వేళ్ళకు వెంట్రుకలు చుట్టుకున్నాయి.

పొడుగాటివి. చల్లగా ఉన్నాయి. లాగితే రాలేదు... ఇంకా చుట్టుకున్నాయి.

“రోజూ వెంట్రుకల్లోనే బతికేవాడివి, దానికి భయమేమిటయ్యా?” అన్నాను.

“కోసి కిందపడిన ఎంట్రుక వేరు సార్. ముడేసి ఉండే ఎంట్రుక వేరు” అన్నాడు.

చెయ్యి విదిలించి, సంచి మొత్తం కాలవలోకి విసిరేశాడు. నీళ్ళలో పడిన చప్పుడు విన్నాక గానీ ఏం పారేశాడో వాడికి తట్టలేదు.

తెల్లవారి తిరువొత్తియూరు వెళ్ళాడు, ఉన్నది చెప్పేద్దామని. ముసలాయన మంచం మీదనుంచి వాణ్ణి నోరు తెరవనివ్వలేదు.

“ఒరే, చెప్పను మరిచిపోతిని. సంచిలో కత్తుల మీద వెనక పోర్షన్ అమ్మణిది సవరం ఉండాది. ఎలకలు కొరుకుతాయని దాంట్లోనే పెట్టినా. ఆమెకిచ్చేసినావా?”

“సవరమా? ఆమెకెందుకు మామా సవరం?”

“ఎందుకేందిరా? ఆడోళ్ళు జడలో పెట్టుకునే సవరం. సగం జుట్టు రాలిపోయిందని పాపం నా దగ్గర కట్టించుకునింది. గొంతు పోయినా నన్ను రోజూ అడగతానే ఉండాది.” గోవిందస్వామి విసుక్కున్నాడు. “నువ్వు తెలుగోడివేనంటరా?”

తెలుగువాడే. మూడు తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగువాడు. ఇంట్లో తెలుగే, పనిలో అరవం. పదేళ్ళ వయసునుంచీ కత్తి పట్టినవాడి చెవికి సవరమంటే ఒక్కటే అర్థం. తలకు నూనె రాసుకుని నెరిసిన జుట్టు విరబోసుకున్న ముసలావిడ కిటికీ దగ్గర నిలబడి తన వస్తువు తాను అడిగితే, వీడు చచ్చినవాడి సగం గడ్డం మోసుకొచ్చాడు. నాకు నవ్వూ వచ్చింది, వాణ్ణి ఒక్కటి వేయాలనీ అనిపించింది.

“చెప్పేశావా మరి?”

చెప్పలేకపోయాడట. ఇచ్చేశానన్నాడట.

అక్కణ్ణించి నేరుగా కాలవకు పోయి, బురదలో నడుము లోతున దిగి, చీకటిపడేదాకా కాళ్ళతో వెతికాడు. ఆ మర్నాడూ వెతికాడు. మూడోరోజు సంచి దొరికింది, పిగిలిపోయి. అందులో సవరం ఉంది. కత్తుల పెట్టె లేదు. సవరం నాలుగుసార్లు కుంకుడురసంతో ఉతికి అమ్మణికి ఇచ్చి వచ్చాడు. వాసన చూసి, ఆవిడ వాణ్ణి గాలిగొంతుతోనే అరగంట తిట్టింది.

“కత్తులు పోతే పోయాయి, ముసలాయనకు నిదానంగా చెప్పుకుందువులే” అన్నాను. నాకు తోచిన ఓదార్పు అదే.

జనార్దనం ఎండిన నురుగు తుడిచి, కొత్త నురుగు పట్టించాడు. 

“నిన్న కబురంపినాడు సార్. ఇంక ఎన్నో దినాలు ఉండనంటున్నాడు. పోయేలోగా ఆ కత్తితో ఒక్కసారి గడ్డం చేయించుకోవాలంట, నా చేత. చూపు పోయింది గానీ, చెంపకు తగిలితే చాలు, ఏ కత్తో చెప్తాడు.”

మొద్దుకత్తి తీసి నా చెంపకు ఆనించాడు.

“రేపు పొద్దునే రమ్మన్నాడు.”