రొయ్యల కంపెనీ గేటు మీద దాడి

"మీ గేటు మీద ఎవరో దాడి చేస్తున్నారండీ," అంది జబీనా ఫోన్లో.

ముబీన్ కిటికీలోంచి తొంగి చూశాడు. సన్నగా వాన పడుతోంది. గేటు బయట వ్యాన్లు ఆగి ఉన్నాయి. రొయ్యలు వలవడానికి వచ్చిన ఆడవాళ్లు తలల మీద కొంగులు కప్పుకుని, టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"దాడి చేసేవాళ్లెవరూ కనపడ్డంలా మేడం. తడిసేవాళ్లు మాత్రం నిండుగా ఉండారు."

"కార్డులు పెట్టే రీడర్ నుంచి ఊపిరాడనీకుండా ఒకదాని వెనక ఒకటి రిక్వెస్టులు వచ్చాయి. అందుకే మా ప్యాచ్ దాన్ని మూసేసింది. నిజానికి మీరు సంతోషపడాలి."

"సంతోషంగానే ఉండాం. రొయ్యలు లోపల ఐసులో ఉండాయి, వలిచే చేతులు బయట వానలో ఉండాయి. మీరు గూడా వచ్చి చూసి సంతోషపడండి."

ఫోన్ టక్కున పెట్టేసింది జబీనా.

బోగోలు నుంచి జువ్వలదిన్నె హార్బరుకి పోయే దారిలో ఉంది ఆ రొయ్యల కంపెనీ. అక్కడి కంప్యూటర్లన్నీ ముబీన్ చూసుకుంటాడు. ఎవరు ఏ తలుపు దాటొచ్చు, ఎవరు ఏ కంప్యూటర్ తెరవొచ్చు అన్నది తేల్చేదంతా ఒక సాఫ్ట్‌వేర్. ఈమధ్య అందులో ఒక లోపం బయటపడింది. ఎవరైనా కావాలని రిక్వెస్టులు కుమ్మరిస్తే లాగిన్ సర్వర్ ఉక్కిరిబిక్కిరై కూలబడుతుంది. అది కూలబడితే గేటు నుంచి కోల్డ్ స్టోరేజి దాకా అన్నీ బిగుసుకుపోతాయి.

ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్ వెయ్యమని నెల్లూరు ఆఫీసు జబీనాను పంపింది. సీనియర్ల తోడు లేకుండా ఆమె చేస్తున్న మొదటి పని ఇదే. నిన్న సాయంత్రం ప్యాచ్ వేసి, కావలిలో అమ్మానాన్నల దగ్గరికి వెళ్లి హాయిగా నిద్రపోయింది.

ఇప్పుడు ఆ కావలి నుంచే స్కూటీ మీద తడుస్తూ వచ్చింది. హెల్మెట్ తీయకముందే మేనేజర్ పెంచలప్రసాద్ ఎదురొచ్చాడు.

"నిన్నటిదాకా గేటు బాగుండింది అమ్మాయ్. నువ్వేసిందేదో పీకెయ్. మీ ఆఫీసులో పెద్దోళ్లనెవరినన్నా పంపమని ఫోన్ చేస్తా."

"తీసేస్తే లోపం మళ్లీ బయటపడుతుంది సార్. ఎక్కడో కూర్చున్నవాడు మీ కోల్డ్ స్టోరేజిని ఆపెయ్యగలడు. ఒక్క పూట టైమివ్వండి."

"మధ్యాహ్నం షిఫ్టు వరకే. వాళ్లు గూడా బయట నిలబడినారంటే నేనూరుకోను."

ముబీన్ చిన్న గేటు తాళం తీసి, పేర్లు అడుగుతూ ఆడవాళ్లను లోపలికి పంపుతున్నాడు. జబీనా దుపట్టా పిండుకుంటూ అతని పక్కకు వచ్చింది.

"దాడి చేసిందెవరో మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి చెప్పరే?"

"చెప్తే నమ్మరు. మధ్యాహ్నం వ్యాను రానీండి, కళ్లారా చూద్దురు."

అతను నవ్వు ఆపుకుంటున్నాడని ఆమెకు తెలిసిపోయింది. ఇంకా కోపం వచ్చింది.

మధ్యాహ్నం వ్యాను ఆగింది. ముందు సీట్లోంచి ఒక పెద్దావిడ దిగింది. ఆమె మెడలో నైలాన్ తాడు, ఎండుచేపల్ని గుచ్చినట్టు తాడు నిండా కార్డులు! నేరుగా రీడర్ దగ్గరికి వచ్చి, ఒక్కో కార్డు ఎత్తి టకటకా కొట్టడం మొదలుపెట్టింది. ఎందుకైనా మంచిదని ప్రతి కార్డూ రెండుసార్లు. రీడర్‌లో ఎర్ర లైటు వెలిగింది, గేటు బిగుసుకుపోయింది.

"చచ్చింది మళ్లీ!" అంది ఆవిడ.

జబీనా ముబీన్ వైపు గిర్రున తిరిగింది.

"ఎవరి కార్డు వాళ్లు కొట్టాలని చెప్పలేదా మీరు? రిపోర్టులో రాస్తాను. ఎవరావిడ?"

"షాహిదాబీ. వ్యాన్లో మనుషుల్ని తెచ్చే మేస్త్రి. పేరు మాత్రం రాయొద్దు మేడం."

"ఏం, భయమా?"

"భయమే. ఇంట్లో నాకు అన్నం పెట్టేది ఆమే. మా అమ్మ."

కోపంగా ఉండాలని జబీనా చాలా ప్రయత్నించింది. కుదరలేదు. మూతికి దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

తర్వాత తనే వెళ్లి షాహిదాబీ ముందు నిలబడి, పిన్నిని పిలిచినట్టు పిలిచింది.

"ఖాలా, అందరి కార్డులూ మీ దగ్గరే ఎందుకు?"

"వీళ్లు వంటా వార్పూ చేసి, బిడ్డల్ని బడికి తోలి పరిగెత్తుకోని వస్తారు. కార్డు మర్చిపోతే ఆ పూటకి పని పాయె. అందుకే నేనే దాస్తా. నువ్వెవరు, ఆ మిషను పిల్లవా?"

"ఆ పిల్లనే. ఇప్పుడు మీరు ఎవరెవరి కార్డు కొట్టారో వాళ్లంతా వ్యాన్లో ఉన్నారా?"

షాహిదాబీ వెనక్కి తిరిగి చూసింది. "ఉష లేదు. జ్వరమంట."

"లోపల కోల్డ్ స్టోరేజి గ్యాస్ లీకైతే ఎవరెవరున్నారో ఈ కార్డులు చూసే తెలుసుకుంటారు. ఇంట్లో పడుకున్న ఉష కోసం ఎవరో ప్రాణాలకు తెగించి లోపల వెతుకుతారు ఖాలా."

షాహిదాబీ చెయ్యి తాడు మీద ఆగిపోయింది.

"ఈ మాట ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలా," అంది కొడుకు వైపు గుర్రుగా చూస్తూ. ముబీన్ వాన ఎంత పడుతోందో చూడసాగాడు.

తాడు విప్పి ఆమె కార్డులు పంచుతుంటే, జబీనా లాప్‌టాప్ తెరిచి ప్యాచ్ సెట్టింగులు మార్చింది. కంగారులో ఒకరు రెండుసార్లు కొట్టినా గేటు దాన్ని దాడి అనుకోకూడదు కదా. కాసేపటికి ఆడవాళ్లు వరసగా, పచ్చలైటు వెలిగినప్పుడల్లా ముచ్చటపడుతూ లోపలికి వెళ్లారు. పెంచలప్రసాద్ వరండాలోంచి చూసి, టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా జబీనా రోజూ వచ్చింది. షిఫ్టుల రద్దీ చూసి, ప్యాచ్‌ను కొంచెం కొంచెంగా సరిచేసింది. షాహిదాబీ రోజుకొకటి వండి తెచ్చేది.

"తిను పిల్లా. నీ సర్వర్ ఎక్కడికీ పారిపోదు."

"మా అమ్మ కార్డులు కొడితేనే బెదిరింది మీ ప్యాచ్. దానికింత చిన్న గుండె ఏంది?" అన్నాడు ముబీన్.

"మీ అమ్మ ముందు మీ గుండె ఎంతుందో చూస్తున్నా కదా," అంది జబీనా.

శనివారం ఆమె లాప్‌టాప్ మూసింది. "నా పని అయిపోయింది. అంతా సరిగ్గా ఉందని మా ఆఫీసుకి మీరొక మెయిల్ పంపితే చాలు. నేను నెల్లూరు వెళ్లిపోతాను."

"పంపుతా," అన్నాడు ముబీన్.

పంపలేదు. ఒకసారి టైపు చేసి చెరిపేశాడు. సోమవారం ఆమెకు ఫోన్ చేసి, రీడర్ లైటు మసగ్గా ఉందన్నాడు. ఆమె కావలి నుంచి పరుగున వచ్చి చూసింది. దుపట్టా అంచుతో లైటు మీది దుమ్ము తుడిచింది.

"దీనికి నన్ను పిలిచారా?"

ముబీన్ తన చెప్పులు చూసుకున్నాడు.

బుధవారం ఆమే ఫోన్ చేసింది.

"మెయిల్ ఎందుకు పంపలేదు? ప్యాచ్ కుదరలేదనుకుని రేపు మా సీనియర్ నరేంద్రబాబు గారిని పంపుతున్నారు. నన్నింక బయటి పనులకు పంపరంట, ఆఫీసులోనే కూర్చోమన్నారు. నా పనిలో తప్పేముందో చెప్పండి."

"తప్పేం లేదు."

"మరి?"

"పంపితే మీరింక రారు గదా. అందుకని..."



"నా పని బాగుందని చెప్పడానికి మీకు నోరు రాలేదు. నన్ను రమ్మని అడగడానికీ రాలేదు. రెండిట్లో ఏదో ఒకటి చేసుండాల్సింది," అని పెట్టేసింది.

వెనకాల టిఫిన్ డబ్బా బల్ల మీద ఠంగుమంది. షాహిదాబీ!

"ఆ పిల్ల పనికే ఎసరు పెడతావా? ఇదేనా నీ మంచితనం?"

"తప్పయిపోయిందమ్మా."

"నాకెందుకు చెప్తావు? చెప్పాల్సిన చోట చెప్పు."

అన్నం ముట్టకుండా కూర్చుని ముబీన్ మెయిల్ రాశాడు. గేటు ఎందుకు ఆగిందో, జబీనా దాన్ని ఎలా సరిచేసిందో, ఆలస్యం తనదే తప్ప ఆమెది కాదని అంతా రాశాడు. పెంచలప్రసాద్ చేత కూడా ఔననిపించి పంపాడు. నరేంద్రబాబుకి ఫోన్ చేసి ఆయన చీవాట్లు పూర్తిగా విన్నాడు. ఆ తర్వాతే జబీనాకు ఫోన్ చేశాడు.

"మెయిల్ పంపినాను."

"చూశాను. నరేంద్రబాబు గారు రావడంలేదు. కొత్త పని కూడా నాకే ఇచ్చారు, మనుబోలులో."

"క్షమించండి. మీ పనికి అడ్డం పడినాను. ఇంకోటి అడగాల. పనికి సంబంధం లేదు."

"అడగండి."

"నాకు మిమ్మల్ని చూడాలనుంది. రోజూ చూడాలనుంది. మా అమ్మ గూడా ఇక్కడే నిలబడి వింటా ఉంది, కాబట్టి అబద్ధం చెప్పే వీల్లేదు."

అవతల నవ్వు వినపడింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయిన నవ్వు.

"ఆదివారం మా నాన్న జువ్వలదిన్నె హార్బరుకి వస్తున్నారు, చేపలు కొనడానికి. నేనూ వస్తున్నా. ఖాలాను తోడు తీసుకుని రండి."

"చేపల కోసం అంత దూరమా? కావలిలో దొరకవా?"

"దొరుకుతాయి," అంది జబీనా.