కంచు గుర్రం కింద దూరినవాడు

మ్యూజియం ఫోటోగ్రాఫర్ లిఫ్టులో శవమై దొరికాడు. అతని కంప్యూటర్లో కంచు గుర్రం ఫోటో ఒక్కటీ మిగల్లేదు.

"హాల్లో ఉన్నది నకలు," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "అసలుది 'నకలు' అనే లేబుల్‌తో ఇవాళ మధ్యాహ్నం ఓడరేవుకి పోతోంది. విదేశీ ముఠా పని. అసలు గుర్రానికి వెనక కాలి లోపలివైపు అతుకు ఉండేదట. రుజువు లేకుండా లారీని ఆపలేం."

"రుజువు ఎక్కడుంది సార్?"

"అది తెలిస్తే నువ్వెందుకయ్యా?"

ఏజెంట్ పెట్టుడు గడ్డం సర్దుకున్నాడు. మ్యూజియంలో అతని మారువేషం సోషల్ మీడియా మేనేజర్. చేతిలో సెల్ఫీ స్టిక్. దాని బటన్ నొక్కితే ఏనుగైనా సొమ్మసిల్లాలి. లోకమంతా మొహాలు పోస్ట్ చేసుకుంటుంటే, తన మొహం ఎక్కడా పడకుండా కాచుకోవడమే అతని కొలువు. కబుర్లు చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు పాపం. మ్యూజియం పేజీలో రోజూ పెట్టే లైవ్ వీడియోకి కూడా తప్పకుండా వచ్చేది గేటు దగ్గరి వాచ్‌మన్ బాబాయ్ ఒక్కడే.

పేజీలో పోస్ట్ పెట్టాడు: "కంచు గుర్రంతో మీ పాత ఫోటో ఉందా? మాకు పంపండి!"

ఊరు ఊరంతా కదిలింది. కొత్త దంపతులు, బడి పిల్లలు, తాతలు, మనవలు. ఏం లాభం? అందరూ గుర్రానికి అడ్డంగా నిలబడ్డవాళ్లే! గుర్రాన్ని చూడ్డానికొచ్చి గుర్రాన్నే దాచేశారు మహానుభావులు.

అప్పుడొచ్చింది ఆ ఫోటో. గుర్రం పొట్ట కింద దూరిన ఓ పిల్లాడు. వాడి కాలు పట్టుకుని బయటికి లాగుతున్న రెండు జడల పిల్ల. వాళ్ల వెనకే, వెనక కాలి మీద అతుకు, అద్దంలో చూసినట్టు స్పష్టంగా.

కింద రాసి ఉంది: "వీడు మా తమ్ముడు. ఉద్యోగమని వెళ్లాడు, మళ్లీ జాడ లేదు. అప్పుడు వీడి కాలు పట్టుకుని లాగాను. ఇప్పుడు ఎవరి కాళ్లు పట్టుకుంటే దొరుకుతాడో!"

ఆ పిల్లాడు తనే. అక్క!

"మనిషి ఎంత మారినా చెవులు మారవు సుమా," అంది వెనకనుంచి ఓ తియ్యని గొంతు. ఎగ్జిబిషన్ డిజైనర్. ముఠాలో చీఫ్ పెట్టిన మన మనిషి, కోడ్ నేమ్ 'నెమలి'. కానీ ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం అతని మెడకేసి గురిపెట్టి ఉంది. అది పిస్తోలని అతనికి తెలుసు.

"ఎవరి మనిషివి నువ్వు?"

"ఎక్కువిచ్చినవాళ్ల మనిషిని. ఆ ఫోటో తీసెయ్. మీ అక్కయ్య ప్రొఫైల్లో ఇంటి గేటు కూడా కనిపిస్తోంది. మావాళ్లకి చెప్పమంటావా?"

"ఒక్కసారి చూసుకుని తీసేస్తా." గొంతు వణికింది. అది నటన కాదు.

ఆమె పెదవి విరిచి నవ్వింది. అతను సెల్ఫీ స్టిక్ బటన్ నొక్కాడు. నెమలి నేల మీద వాలింది.

హాల్లోకి పరుగు. సెల్ఫీ స్టిక్ గుర్రం కిందికి తోసి లైవ్ మొదలుపెట్టాడు. స్క్రీన్ మీద ఓ పక్క పాత ఫోటోలో కాలి ముక్క, అతుకుతో. మరో పక్క హాల్లోని గుర్రం కాలు, నున్నగా.

"బాబాయ్! గేటు మూసెయ్!"

"చూస్తూనే ఉన్నా సార్!" ఫోన్లో వాచ్‌మన్ రొప్పుతున్నాడు. "లారీ ముందు చక్రాలు బయటికెళ్లాయి. వెనక చక్రాలు మాత్రం నా గేట్లోనే ఇరుక్కున్నాయి!"

పెట్టె తెరిచారు. అసలు గుర్రం బయటపడింది. నెమలికి సంకెళ్లు పడ్డాయి.

"శభాష్," అన్నాడు చీఫ్. "మీ అక్క ఇంటికి కాపలా పెట్టించా. ఆ ఫోటో తీసేసెయ్. రేపట్నుంచి కొత్త ఊరు, కొత్త పేరు."

"తీసేముందు ఒక్క రిప్లై ఇస్తాను సార్."

"మ్యూజియం తరఫున అయితే ఇవ్వు."

"మీ జ్ఞాపకం పంచుకున్నందుకు ధన్యవాదాలు. గుర్రం క్షేమం," అని పంపాడు.

వెంటనే జవాబొచ్చింది. "గుర్రం సరేనండీ. మరి మావాడు?"

అక్కా అని కొట్టాడు, చెరిపాడు. మళ్లీ కొట్టాడు, చెరిపాడు. కళ్లు మసకబారాయి. పేజీ పైనే నియమాలున్నాయి: వ్యక్తిగత ప్రశ్నలకు మ్యూజియం జవాబివ్వదు. ఉద్యోగంలో చేరిన వారంలోనే, పనిమంతుడిలా కనిపించాలని, ఆ నియమం రాసిపెట్టిన ఘనుడు అతనే.