తడిసిన రికార్డు పుస్తకం

గుమాస్తాకు తారీఖులు తిండితో కలిసి గుర్తుంటాయి. ఆ రోజు జూలై పద్నాలుగు, ఆదివారం. మధ్యాహ్నం రెండు ఉడకబెట్టిన గుడ్లు, నిన్నటి రొట్టె, సగం దోసకాయ. మిగతా సగం మేడమ్ వాటా. ఆమె దానికి ఉప్పు అద్దుకుంటూ ఉండగా, వీపున పెద్ద సంచితో ఒక పదహారేళ్ళ పిల్ల గుమ్మంలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"భూతద్దం మేడమ్ అంటే మీరేనా అండీ?"

వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు గానీ ఆమె దగ్గర భూతద్దమే లేదు. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, ఇప్పుడు సొంతంగా పరిశోధన ఆఫీసు పెట్టుకుంది. అక్కడి నుంచే వెంట వచ్చేసిన గుమాస్తాకు ఆమె తెలివి మీద ఉన్న గురి ఆమెకే లేదు.

"నేనే. కూర్చో తల్లీ. ముందు నీళ్ళు తాగు."

పిల్ల పేరు ఏదైనా, ఇంట్లో చిట్టి. బళ్ళో యువ పురస్కారానికి ఏడాదిగా కష్టపడుతోంది. వృద్ధుల ఆశ్రమంలో సేవ చెయ్యాలి, ఒక పని నేర్చుకోవాలి, చివర రెండు రోజులు కొండల్లో గుడారం మోసుకుంటూ నడవాలి. ప్రతి దానికీ నేర్పినవాళ్ళు రికార్డు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకం ఇప్పుడు బల్ల మీద ఉంది. సిరా అంతా అలుక్కుపోయి, ఒక్క అక్షరం మిగల్లేదు.

"రేపు పదింటికి కమిటీ. పురస్కారం బ్యాడ్జి వస్తేనే అటవీ శిక్షణ కాలేజీలో సీటిస్తారు. మమ్మల్ని కొండలకు తీసుకెళ్ళిన మాస్టారికి ఫోన్ చేస్తే, నడకలో సామాను తడవకుండా చూసుకోవడం కూడా పరీక్షేనమ్మా, పుస్తకం తడిసిందంటే నువ్వు తప్పినట్టే అన్నారు."

"ఆయన చివరి సంతకం ఎప్పుడు పెట్టారు?"

"నిన్న సాయంత్రం అయిదింటికి, కొండ దిగి వచ్చాక, ఆయనింట్లో. వాన పొద్దున్నే ఆగిపోయింది."

మేడమ్ చివరి పేజీ తిప్పింది. ఆ సంతకమూ నీలం మరకే.

"పుస్తకం ఎక్కడ పెట్టుకున్నావు?"

"సంచి లోపలి ప్లాస్టిక్ కవర్లోనే, ఉన్ని టోపీ పక్కన. కవరు మూతి మూడు మడతలు చుట్టి క్లిప్పు పెట్టా. ఇవాళ చూస్తే మూతి మెలిపెట్టి, వెనక్కి మడిచి, తాడు బిగించి ఉంది. పళ్ళతో పీక్కోవాల్సొచ్చింది. క్లిప్పు అడుగున దొరికింది."

గుమాస్తా టోపీ తడిమి చూశాడు. పుస్తకానికి ఆనిన అంచు తప్ప మిగతాదంతా పొడిగా ఉంది.

"నిన్న రాత్రి సంచి ఎక్కడుంది? దాని దగ్గరికి ఎవరెవరు వచ్చారు?"

"వంటింటి మూల. నేను స్నానానికి వెళ్ళినప్పుడు మాస్టారు గుడారం తీసుకెళ్ళడానికొచ్చారు. మా జట్టులో గడకర్ర అని పిలిచే అబ్బాయి నా గిన్నె ఇవ్వడానికొచ్చాడు. ఇంట్లో అక్క ఉంది. నాన్న బస్సు డ్యూటీలో ఊళ్ళో లేరు."

"ఆ ఇద్దర్నీ ఆరింటికి మీ ఇంటికి రమ్మను. మేమూ వస్తాం."

చిట్టి వాళ్ళ ముందుగదిలో సగం కుట్టుమిషనే. అక్క దర్జీ పని చేస్తుంది. ఇరవై రెండేళ్ళుంటాయి, మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూది. అందరికీ కుర్చీలు వేసి, తను స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టుకుంటోంది. మాస్టారు నెరిసిన మీసాల పెద్దాయన. గడకర్ర పేరుకు తగ్గట్టే తలుపు కింద వంగి లోపలికొచ్చాడు.

"నువ్వేనా చేసింది?" అని మేడమ్ సూటిగా అడిగేసరికి వాడి ముఖం కందిపోయింది.

"నేనెందుకు చేస్తానండీ! ఒళ్ళు మండిన మాట నిజమే. గుడారం నేను మోశా, దారి చిట్టి చూపించిందట! మాస్టారు ఇక్కడే నిలబడి, 'ఇరవై ఏళ్ళలో ఇలాంటి పిల్లని చూడలేదు' అన్నారు. నన్నో మాటంటే ఆయన సొమ్మేం పోయింది?"

"ఇప్పటికే తలుపులో పట్టవు, పొగిడితే ఇంకా పెరగవూ?" అన్నాడు మాస్టారు. గుమాస్తాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

మేడమ్ సంచి ముందుకు జరిపింది. "వాగు దాటాలనుకోండి. ఈ కవరు ఎలా మూస్తారో చూపించండి."

గడకర్ర గాలి పిండేసి, మూడు మడతలు చుట్టి క్లిప్పు నొక్కాడు. మాస్టారూ అంతే. అక్క తల ఎత్తలేదు.

మేడమ్ కిటికీ లోంచి చూసి, "అయ్యో, చినుకులు పడుతున్నాయి. అమ్మా, ఆ కుట్టిన చొక్కాలు రెండూ ఎవరివో చెప్పి ఇలా ఇస్తే దారిలో ఇచ్చేస్తాం. తడవకుండా కవర్లో పెట్టు" అంది.

అక్క చొక్కాలు కవర్లో దోపింది. గాలి పిండింది. మూతి మెలిపెట్టింది, వెనక్కి మడిచింది, దారపుండ లోంచి తాడు తెంపి రెండు చుట్లు చుట్టి కొస లోపలికి దూర్చింది. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. తల ఎత్తేసరికి అందరూ ఆ కట్టు వైపే చూస్తున్నారు.

"ఇది నా కట్టు," అన్నాడు మాస్టారు మెల్లగా. "క్లిప్పులు వచ్చాక మానేశాను. నాలుగేళ్ళయింది. నీకెలా తెలుసమ్మా?"

మేడమ్ అందరి వైపూ తిరిగింది. "నిన్న అయిదింటికి, వాన ఆగాక పెట్టిన సంతకం కూడా కరిగింది. అంటే పుస్తకం కొండల్లో తడవలేదు. కవర్లోకి నీళ్ళు రాలేదు, వస్తే టోపీ అంతా తడిసేది. ఎవరో పుస్తకం ఒక్కదాన్నే తీసి, నీళ్ళలో ముంచి, మళ్ళీ పెట్టి కట్టారు. అంత కంగారులోనూ చేతులు తమకు తెలిసిన కట్టే కట్టాయి. ఈ కాలం పిల్లలకు ఆ కట్టు తెలీదు. మాస్టారి చెయ్యి క్లిప్పుకే వెళ్ళింది. పాత రోజుల్లో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే కట్టాలి."

"అక్కా," అంది చిట్టి.

అక్క పెదవుల మధ్య గుండుసూది తీసి సూదుల దిండుకు గుచ్చింది. "ఆరేళ్ళ క్రితం నేనూ నడవాల్సిందే. సేవ అయింది, పని నేర్చుకోవడం అయింది. నడకకు ఇంకా వారం ఉందనగా అమ్మ పోయింది. దీన్ని ఎవరు చూస్తారు? మానేశా. ఎప్పుడూ బాధపడలేదు మేడమ్, ఒట్టు. నిన్న మాస్టారు నా చేతి టీ తాగుతూ ఆ మాటన్నారు. ఇలాంటి పిల్లని చూడలేదని. అదే మాట, అచ్చంగా అదే మాట, ఆరేళ్ళ క్రితం నాతో అన్నారు. ఆ ఒక్క మాటనే దాచుకుని బతికా. నన్ను గుర్తు కూడా పట్టలేదు. బకెట్లో ముంచేశాకే ఏం చేశానో తెలిసింది."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండు జడల పిల్లవి. దిక్సూచి లేకుండా ఉత్తరం చూపించేదానివి. తప్పు నాది కూడానమ్మా." తన సంచిలోంచి కొత్త పుస్తకం తీసి, ముందుగా నడక పేజీ నింపి సంతకం పెట్టాడు. "కమిటీకి జరిగింది నేను చెబుతాను. ఆశ్రమం సంతకం?"

"మేట్రన్‌గారు పొద్దున ఏడింటికే వస్తారు. తెచ్చుకుంటా," అంది చిట్టి. ఇక మిగిలింది ఒక్క పేజీ, నేర్చుకున్న పని. ఆమె నేర్చుకున్నది కుట్టు. నేర్పింది అక్క.

చిట్టి పుస్తకాన్ని మిషను మీద పెట్టింది. "రాయి."

"నన్నే రాయమంటావా?"

"నువ్వే కదా నేర్పావు. ఉన్నదున్నట్టు రాయి."

అక్క చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఒక్క ముక్క తక్కువ రాసినా ఎవరూ ఏమీ అనలేరని గుమాస్తాకు అనిపించింది. చివరకు ఆమె రాసింది: 'ఆరు నెలలు నేర్పాను. కాలరు నాకంటే నీటుగా కుడుతుంది.' ఆ 'నాకంటే' దగ్గర కలం కాసేపు ఆగడం గుమాస్తా చూశాడు.

చిట్టి చదువుకుంది. థాంక్స్ చెప్పలేదు, తిట్టలేదు. పుస్తకం గుండెకు హత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పడుకునే గది అదొక్కటే.

మాస్టారూ గడకర్రా వెళ్ళిపోయారు. గుమాస్తా చెప్పులు వేసుకుంటూ ఆగాడు. లోపలి గది తలుపు దగ్గరికి అడుగులు వచ్చాయి. తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా మూసుకుంది. మిషను దగ్గర అక్క ఊపిరి బిగబట్టి వింది. గుమాస్తా కూడా విన్నాడు.

గడియ పడలేదు.