పొదనూరి బూడిద

పూర్వం పొదనూరు రాజ్యాన్ని భీమదేవుడు అనే రాజు పాలించేవాడు. అతనికి వేటంటే ప్రాణం. ఒక వేసవిలో జంతువులు ఎంతకీ పొదల్లోంచి బయటికి రాకపోవడంతో విసిగిపోయి, అడవికి నిప్పు పెట్టించాడు. జింకలూ, కుందేళ్లూ, గూళ్లలోని పక్షిపిల్లలూ మాడి మసైపోయాయి.

మర్నాడు రాజ్యమంతటా బూడిద కురిసింది. అది కడిగితే పోదు, గీకితే రాదు. సీసమంత బరువు. ఎవరు ఎంత హింస చేశారో, ఎంత మోసం చేశారో, వాళ్ల ఒంటి మీద అంత మందాన పేరుకుంది. తప్పుడు తూకాలు వేసిన వర్తకుడికి చేతులు లేవలేదు. కోడలిని రాచిరంపాన పెట్టిన అత్తగారికి నోరు పెగల్లేదు. రాజైతే సింహాసనం మీంచి కదలనే లేకపోయాడు.

అడవికి నిప్పంటించినవాడు బొల్లన అనే వేటబంటు. బూడిద అతని గుండెల మీద బండలా పేరుకుని, ఊపిరి తీయడమే గగనమైంది. అతని కూతురు జక్కమకు మాత్రం కుడిచేతికి, మోచేతి దాకా అంటింది. ఎందుకో ఆ పిల్లకు తెలుసు. ఆ రోజు సరదాపడి తండ్రి వెంట వెళ్లి, కాగడా అందించింది ఆ చేత్తోనే. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతోంది.

అలాంటి సమయంలో ఒక జైన సన్యాసిని ఆ ఊరికి వచ్చింది. నెమలీకల కుంచెతో అరుగును మెల్లగా తుడిచి, చీమ కూడా లేదని చూసుకుని కూర్చుంది. ఆమె ఒంటి మీద రవ్వంత బూడిద లేదు. జక్కమ పరుగున వెళ్లి ఆమె ముందు మోకరిల్లింది.

"అమ్మా, మా నాయన మీది బూడిద తీసెయ్యవా?"

"నా వల్ల కాదు తల్లీ. ఎవరికంటింది వాళ్లే దులుపుకోవాలి. దారి మాత్రం చెప్పగలను. కాలిన అడవికి అవతల నల్లకొండ మీద ఆ అడవిని కాచే యక్షిణి ఉంది. ఆమెను కలుసుకో. దారిలో ఏ ప్రాణికీ నీవల్ల బాధ కలగకూడదు. అబద్ధమాడకు. నీది కానిది పట్టుకోకు."

"అంతేనా?"

"అంతే. చేసి చూడు, ఎంత కష్టమో తెలుస్తుంది" అంటూ ఆమె నవ్వింది.

తల్లి జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది. జక్కమ బయలుదేరింది.

కాలిన చెట్ల మధ్య నడిచి నడిచి ఒక ఏటి ఒడ్డుకు చేరేసరికి, ఒక జింకపిల్ల రొప్పుతూ వచ్చి ఆమె పక్కనున్న బండరాళ్ల చాటున దూరింది. దాని వెనకే తాటిచెట్టంత రాక్షసుడు ఊడిపడ్డాడు.

"ఓసి పిల్లా! ఇటు జింకపిల్ల వచ్చిందా?"

"వచ్చింది."

"ఎటు పోయింది?"

"చెప్పను."

రాక్షసుడు తన చెవులను తానే నమ్మలేదు. "ఏమన్నావు?"

"చూడలేదని అబద్ధమాడలేను. చూపించి దాని ప్రాణం తీయించలేను."

"అయితే నిన్నే తింటాను!"

 జక్కమ అక్కడి నుంచి కదల్లేదు. మూట విప్పి అతని ముందు పెట్టింది. "ఆకలైతే ఇవి తిను. మా అమ్మ చేసింది."

రాక్షసుడు అనుమానంగా వాసన చూసి, ఒక రొట్టె నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత మూటంతా ఖాళీ చేశాడు. "ఉప్పు తక్కువైంది" అని గొణిగి, మూతి తుడుచుకుని, "నన్ను చూసి పారిపోకుండా అన్నం పెట్టినదానివి నువ్వే" అన్నాడు. జక్కమను భుజం మీద కూర్చోబెట్టుకుని ఏరు దాటించాడు. దిగాక చూసుకుంటే, ఆమె వేళ్ల కొసల మీది బూడిద రాలిపోయి ఉంది.

కొండ దారిలోని గుహలో ఒక యక్షుడు ఎదురయ్యాడు. అతని అరచేతిలో నిప్పుకణంలా మెరిసే మణి ఉంది.

"కొండెక్కడం దేనికి? ఈ మణిని మీ నాయన గుండెకు తాకించు. బూడిదంతా క్షణంలో పోతుంది" అన్నాడు.

"పోయి ఎక్కడికి వెళ్తుంది?"

"ఎవరో ఒకరి మీదికి. నీకు తెలియనివాళ్ల మీదికే లే!"

జక్కమ మణిని చేతిలోకి తీసుకుంది. తండ్రి గురక లాంటి ఊపిరి ఆమె చెవుల్లో మోగింది. ఇప్పుడే వెనక్కి పరుగెత్తితే చాలు. కానీ ఏదో ఊళ్లో తనలాంటి పిల్ల వాళ్ల నాయన పక్కన కూర్చుని ఏడుస్తున్నట్టు కళ్లముందు మెదిలింది. ఆమె చాలాసేపు వెక్కివెక్కి ఏడ్చి, మణిని కింద పెట్టేసింది.

"పిచ్చిదానా! మీ నాయన పోయాక ఏడుద్దువులే!" అని యక్షుడు వెక్కిరించాడు. ఈసారి ఆమె చేతి బూడిద ఏమాత్రం రాలలేదు. తప్పు చేశానేమోనని కుములుతూనే కొండ ఎక్కింది.

శిఖరం మీద యక్షిణి కూర్చుని ఉంది. ఆశ్చర్యమేమిటంటే, ఆమె కూడా నడుము దాకా బూడిదలో కూరుకుపోయి ఉంది!

"ఎవరు నువ్వు?"

జక్కమ చేతులు జోడించింది. "బొల్లన కూతుర్ని. కాగడా అందించింది నేనే తల్లీ. క్షమించమని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను."

యక్షిణి కళ్లు ఎర్రబడ్డాయి. కొండంతా కంపించింది. "ఆ గూళ్లలోని ప్రతి పిల్లనూ నేనెరుగుదును!"

జక్కమ పారిపోలేదు. తలవంచుకుని, "ఒక జింకపిల్ల బతికింది తల్లీ. ఏటి ఒడ్డున చూశాను" అంది.

ఆ మాటకు యక్షిణి బావురుమంది. ఆమె ఏడుస్తుంటే చుట్టూ ఉన్న బూడిద పగుళ్లిచ్చింది. "ఈ బూడిదను నేను సృష్టించలేదు. మనుషులకు అది ఎప్పుడూ అంటుతూనే ఉంది. కంటికి కనబడేలా చేశానంతే. ఇంతలో నా పగ నాకే అంటుకుని ఇలా పాతేసింది. పో తల్లీ, నిన్ను క్షమించాను" అంటూ లేచి నిలబడింది. అదే క్షణంలో జక్కమ చేతి బూడిదంతా జలజలా రాలింది.

"మరి మా నాయన?"

"అతన్నే తప్పు ఒప్పుకోనియ్యి. మళ్లీ ఆ పని చేయకుండా బతకనియ్యి. వేరే మందు లేదు." యక్షిణి ఆమెను గాలిలో తేల్చి ఇంటి ముంగిట దించింది.

బొల్లన ఇంకా బతికే ఉన్నాడు. జక్కమ అతని చెంత కూలబడి జరిగినదంతా చెప్పింది.

"నువ్వు పిల్లవి బిడ్డా! వద్దనాల్సింది నేను. కొరడాకు జడిసి ఊరుకున్నా" అని బొల్లన అడవి వైపు చేతులు జోడించాడు. "మళ్లీ ఏ ప్రాణి జోలికీ పోను." అతని గుండెల మీది బూడిద పెళ్లలు పెళ్లలుగా ఊడిపడింది.

ఈ వార్త విని రాజు వాళ్లను పిలిపించాడు. "నా మీదిదీ దులపండి! ఇది ఆజ్ఞ!" అని గర్జించాడు.

"ఆజ్ఞతో పోదు మహారాజా" అంది జక్కమ.

 రాజు బూడిద లేని బొల్లన గుండెల వైపు చూశాడు. చివరికి గొంతు తగ్గించి, "నీకు కొరడా చూపించి నిప్పు పెట్టించింది నేను. నన్ను క్షమించు బొల్లనా" అన్నాడు. అతని చేయి కదిలింది. ఆ చేత్తో సైగ చేసి ముందుగా తన విల్లును తెప్పించి విరిపించాడు.

పొదనూరి బూడిద ఒక్కనాటితో పోలేదు. వర్తకుడు తూకం సరిచేసుకున్నాడు. అత్తగారు కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని తినసాగింది. కోపం వచ్చిన రోజున మళ్లీ కాస్త బూడిద అంటుకునేది. పొద్దుగూకేలోగా ఒకరినొకరు క్షమించమని అడిగి దులుపుకునేవారు. పిల్లలు లేని రాజు జక్కమను దత్తత తీసుకున్నాడు. పెద్దయ్యాక ఆమె ఆ రాజ్యాన్ని చల్లగా ఏలింది.

కానీ ఆమెకు ఎప్పటికీ గుర్తుండిపోయింది మాత్రం ఆ ఏడాది తొలకరి రోజు. బొల్లన గుమ్మంలోకి నడిచి వచ్చి, తడిసిన మట్టివాసనను గుండెల నిండా పీల్చుకుని, పసిపిల్లాడిలా నవ్వాడు.

"ఎంత తేలిగ్గా ఉందే జక్కా!" అన్నాడు.