పన్నెండో సినిమాలో మూడో గుండు

ఉదయం పదకొండు గంటలకి స్టూడియో సామాన్ల గదిలో తుపాకుల మాస్టర్ గొంతుకి వెనకనుంచి ఉక్కు తీగ బిగుసుకుంది. కాళ్లు రెండుసార్లు నేలకేసి కొట్టుకున్నాయి. తీగ మెడలోకి దిగింది. ఇరవై ఏళ్లపాటు సినిమావాళ్లకి ఉత్తుత్తి చావులు సరఫరా చేసిన మనిషి నిజంగానే చచ్చిపోయాడు. కిందపడ్డ ఫోన్‌లో సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఇంకా "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

పన్నెండింటికి చీఫ్ గదిలో బ్రీఫింగ్.

"చచ్చినవాడు మన ఇన్‌ఫార్మర్. షూటింగ్ పిస్తోళ్లలో ఒకదాంట్లో అసలు గుండు పెట్టారన్నాడు. ఏ పిస్తోలో చెప్పేలోపే వాడి పని అయిపోయింది. విదేశీ ముఠా. టార్గెట్ రక్షణమంత్రి. మూడింటికి క్లైమాక్స్ షూటింగ్ చూడ్డానికొస్తున్నారు."

"రావద్దని చెప్పండి సార్," అన్నాడు ఏజెంట్.

"నా మాట వింటేగా! ఈ గూఢచారి సిరీస్‌లో పదకొండు సినిమాలూ మొదటిరోజు మొదటి ఆటే చూశారట."

ఏజెంట్ నవ్వలేదు. ఆ పదకొండు సినిమాల్లోనూ హీరోకి డూప్ అతని సొంత అన్నయ్యే. నాన్న పోయాక మేడలమీంచి దూకి, అద్దాల్లోంచి దూసుకెళ్లి, ఎముకలు విరగ్గొట్టుకుని తమ్ముణ్ని చదివించాడు. ఆ తమ్ముడు ఇన్సూరెన్స్ కంపెనీలో చేస్తున్నాడనే అన్నయ్య ఇప్పటికీ అనుకుంటున్నాడు.

"కొత్త తుపాకుల మాస్టర్‌వి నువ్వే," అన్నాడు చీఫ్. "లోపల కాస్ట్యూమ్ డిజైనర్ మన మనిషి. ‘వర్షం సీన్ ఎప్పుడు?’ అని అడుగు. ‘గొడుగులు రాలేదు’ అంటుంది."

రెండింటికి ఏజెంట్ దొంగ మీసంతో స్టూడియోలో అడుగుపెట్టాడు. హీరో సూట్లో ఎదురొచ్చిన అన్నయ్య ఒక్క చూపు చూసి, "ఎడమపక్క మీసం లేస్తోందిరా, అద్దుకో," అన్నాడు.

"అన్నయ్యా, ఇక్కడ నేనెవరో నీకు తెలీదు."

"సరే, తెలీదు. మొహం పీక్కుపోయింది, ఏమైనా తిన్నావా?"

కాస్ట్యూమ్ డిజైనర్ నడిచొస్తుంటే లైట్‌మెన్ లైట్ల సంగతి మర్చిపోయారు. గొడుగులు రాలేదని చెప్పి, చెవిలో గుసగుసలాడింది. "విలన్ వేషగాడికిచ్చిన పిస్తోలు నేనే చూశాను. క్లీన్. మిగతావి సామాన్ల గదిలో ఉన్నాయి, వెళ్లు."

వెళ్లాడు. హెడ్ క్వార్టర్స్‌వాళ్లు ఇచ్చిన పెన్ను అసలు గుండు దగ్గరికొస్తే ఎర్రగా వెలగాలి. గడప దాటగానే వెలిగి, మరి ఆరలేదు. ఇరవై ఏళ్ల తుపాకిమందు వాసన గోడలకి పట్టి ఉంది మరి. ఏజెంట్ దాన్ని విసిరికొట్టాడు.

అదే క్షణంలో తలుపు వెనకనుంచి తీగ పడింది.

అరచెయ్యి అడ్డంపెట్టాడు. తీగ ఎముకదాకా కోసింది. రెండో చేత్తో దొరికిన కత్తి లాగి పొడిచాడు. రబ్బరు కత్తి, వంగిపోయింది. సీసా తీసి హంతకుడి నెత్తిమీద బాదాడు. సినిమా సీసా, పంచదారలా పొడైపోయింది. ఇనప కమ్మీ దొరికిందనుకున్నాడు, అది స్పాంజి. హంతకుడు పగలబడి నవ్వాడు. ఆ గదిలో నటించడం రాని వస్తువు ఒక్కటే ఉంది, కెమెరావాళ్ల లైటు స్టాండు. ఏజెంట్ దాంతో హంతకుణ్ని మోకాలిమీద కొట్టాడు, మూతిమీద కొట్టాడు. పళ్లు రాలాయి. మూడో దెబ్బకి పుర్రె పగిలింది.

"ఏ పిస్తోలు?" అన్నాడు గుండెలమీద కూర్చుని.

"విలన్‌ది... రెండు ఉత్తివి... మూడోది..." మిగతా మాట నెత్తుట్లో మునిగిపోయింది.

మిగతాది ఏజెంట్‌కి తెలుసు. చిన్నపిల్లల్నడిగినా చెప్తారు. ఈ సిరీస్ క్లైమాక్సులో విలన్ మూడుసార్లు కాలుస్తాడు. మొదటిది హీరో తలమీంచి, రెండోది చెవి పక్కనుంచి పోతాయి, మూడోది ఎడమవైపు అద్దం పగలగొడుతుంది. హీరో కాలరు సర్దుకుంటాడు. పదకొండుసార్లూ అంతే. ఇవాళ ఆ అద్దం వెనకే మంత్రిగారి కుర్చీ వేశారు.

రేడియో తీశాడు. "సార్, మంత్రిగారిని లేపెయ్యండి!"

"ఏంటీ?"

"కుర్చీలోంచి సార్! విలన్ పిస్తోలు క్లీనని మన డిజైనర్ అబద్ధం చెప్పింది!"

నిమిషంలో జవాబొచ్చింది. "కారెక్కించాం. షూటింగ్ ఆపకు, ఖాళీ కుర్చీని కాల్చుకోనీ. ముఠా పసిగట్టేలోపు ఆ డిజైనర్‌ని పట్టుకో."

ఆమె వరండాలోనే దొరికింది, ఒక చేతిలో సూట్‌కేసు, రెండో చేతిలో సైలెన్సర్ బిగించిన తుపాకి. గుండు ఏజెంట్ చెవి తమ్మె ఎగరగొట్టింది. అతను ఆమె మణికట్టు మెలితిప్పాడు. ఎముక పుటుక్కుమంది.

"వదులు," అంది పళ్ల బిగువున. "వదిలితే ఒక మాట చెప్తా. డైరెక్టర్ ఆఖరి పేజీ మార్చేశాడు. ఒకటే ముగింపు చూసి జనం విసిగిపోయారట. ఈసారి హీరో చస్తాడు. మూడో గుండు అద్దానికి కాదు, గుండెకి. ఇందాకే వచ్చి చొక్కాలో రక్తం ప్యాకెట్ కుట్టమన్నారు. మా ప్లాన్ అక్కడే తగలబడింది, అందుకే పెట్టె సర్దుకున్నా."

"ఎవరి చొక్కా?"

"కిందపడే షాట్‌లో హీరో ఎప్పుడు నిలబడ్డాడు? డూప్ చొక్కా."

ఏజెంట్ ఆమెని వదిలేసి పరుగెత్తాడు. వెనక గేటు దగ్గర చీఫ్ జీపే ఆమెకి ఎదురైంది గానీ, అది చూసే తీరిక అతనికి లేదు.

సెట్ తలుపుమీద ఎర్రలైటు వెలుగుతోంది. వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. "టేక్ నడుస్తోందండీ. లైటు ఆరేదాకా మా ఆవిడొచ్చినా తియ్యను."

లోపల ఢామ్మంది. ఒకటి.

ఏజెంట్ నాలుగడుగులు వెనక్కేశాడు. లోపలినుంచి రాతిగోడలా కనిపించే సెట్ గోడ బయటినుంచి ఉత్త ప్లైవుడ్డు, మేకులు. మళ్లీ ఢామ్మంది. రెండు. భుజం ముందుపెట్టి గోడలోకి దూసుకెళ్లాడు. మేకులు ఒళ్లంతా చీరేశాయి. విలన్ వేషగాడి వీపుమీద పడి పిస్తోలున్న చేతిని పైకి నెట్టాడు.

మూడో చప్పుడు వేరేగా ఉంది. పైనున్న పెద్ద దీపం పేలి గాజుముక్కలు కురిశాయి. వేషగాడు మూర్ఛపోయాడు.

కానీ ఎదురుగా అన్నయ్య గుండెమీద ఎర్రగా చిమ్మింది. వెనక్కి ఎగిరి పడి, మరి కదల్లేదు.

ఏజెంట్ గాజుముక్కలమీద పాకుతూ వెళ్లాడు. ఏడేళ్ల ఉద్యోగంలో లెక్కలేనన్ని శవాల్ని దాటుకుపోయిన మనిషి చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "అన్నయ్యా! అర నిమిషం ముందొచ్చుంటే దక్కేవాడివి, అన్నయ్యా!"

అన్నయ్య పెదాలు కదిలీ కదలనట్టు కదిలాయి. "గోల చెయ్యకురా. ఇంకా కట్ చెప్పలేదు."

ఏజెంట్ తలెత్తి చూశాడు. డైరెక్టర్ బల్లకింద దూరి రెండుచేతులతో నెత్తి పట్టుకుని వణుకుతున్నాడు. చెప్పేవాళ్లెవరూ లేరు. ఏజెంట్ కోసుకుపోయిన చేత్తో కళ్లు తుడుచుకుని తనే అన్నాడు, "కట్."

అన్నయ్య కళ్లు తెరిచాడు. గోడకి పడ్డ కన్నం వైపు, తమ్ముడి ఒంటిమీద కారుతున్న అసలు రక్తం వైపు మార్చిమార్చి చూశాడు. తమ్ముడి తల దగ్గరికి లాక్కుని గట్టిగా అదుముకున్నాడు.

బల్లకిందనుంచి డైరెక్టర్ గొంతు సన్నగా వినిపించింది. "షాట్ కుదర్లేదు. వన్ మోర్."

"పదకొండు సినిమాల్లో బతకడం ఎప్పుడూ ఒక్క టేకే," అన్నాడు అన్నయ్య లేస్తూ. "చావబోతే చూడు, వన్ మోర్ అంటున్నారు."